తోడల్లుడి విల్లా, పది మెట్ల నిచ్చెన

మా తోడల్లుడు హైదరాబాదు శివార్లలో, మోకిలలో విల్లా కొన్నాడు. మొన్న మాఘమాసంలో గృహప్రవేశం. పాలు పొంగించారు, వ్రతం అయింది, భోజనాలయ్యాయి, తాంబూలంతో పాటు తలా ఒక వెండి కుంకుమభరిణె చేతిలో పెట్టి పంపారు. తిరుగు ప్రయాణంలో ఔటర్ రింగు రోడ్డు ఎక్కేదాకా మా ఆవిడ నోరు విప్పలేదు. టోల్‌గేటు దాటాక మెల్లిగా అంది.

"ఇంట్లో లిఫ్టేంటండీ, ఉండేది నలుగురే కదా."

"ఆయన తల్లిగారికి మోకాళ్ళ నొప్పులు కదా, పాపం."

"మా అమ్మకి లేవా?"

ఏమంటాను? స్టీరింగు మీద దృష్టి పెట్టాను. నిజాంపేటలో మా ఫ్లాటు 1,280 చదరపు అడుగులు. పొద్దున తాళం వేసి బయల్దేరినప్పుడు బాగానే ఉంది. రాత్రి తాళం తీసి లైటు వేసేసరికి హాలు ఎవరో నాలుగు పక్కలా నొక్కినట్టు ఉంది. సోఫా మీద మరకలు అంతకుముందూ ఉన్నాయి. నా కంట పడింది ఆ రాత్రే.

2024లో అంబానీల ఇంటి పెళ్ళి నెలల తరబడి టీవీలో చూశాం. ఆ నగలు చూసి మా ఆవిడ "భలే ఉన్నాయి" అంది, లేచి వెళ్ళి పప్పులో తాలింపు వేసింది. ఆ రోజు మా హాలు చిన్నదైపోలేదు. అక్కడ ఖర్చయిన డబ్బుతో పోలిస్తే మా తోడల్లుడి విల్లా ఏ మూలకి? అయినా అది కుట్టలేదు, ఇది కుట్టింది.

ఆర్థిక అసమానతల గురించి మామూలు జనం ఏమనుకుంటారు అనే ప్రశ్నకి నా జవాబు ఇక్కణ్ణించే మొదలవుతుంది. మన చేతిలో ఉన్న కొలబద్ద పేరు తోడల్లుడు. తెలంగాణలో సడ్డకుడంటారు. ఒకే ఇంటి గడపలోంచి పిల్లని చేసుకున్నాం, ఒకే అత్తగారి చేతి గారెలు తిన్నాం, పెళ్ళినాటికి ఇద్దరి జీతాలూ ఇంచుమించు ఒకటే. పాతికేళ్ళ తర్వాత ఎవరెక్కడ తేలారో ప్రతి సంక్రాంతికీ అత్తారింటి వసారాలో లెక్క తేలుతుంది. విస్తరి ముందు ఎవరికి వేస్తారో, ఎవరి కారుకి గేటు పూర్తిగా తెరుస్తారో గమనించని అల్లుడు తెలుగునేల మీద పుట్టలేదు. ఆడవాళ్ళకైతే తోడికోడళ్ళు, అక్కచెల్లెళ్ళు. అంబానీ సినిమా, తోడల్లుడు అద్దం.

ఇది మన ఒక్కళ్ళ జబ్బేమీ కాదు. నెదర్లాండ్స్‌లో ఒక లాటరీ ఉంది. అందులో గెలిచేది నంబరు కాదు, పిన్‌కోడు లాంటి చిరునామా కోడు. ఆ వీధిలో టికెట్టు కొన్నవాళ్ళకి డబ్బు, ఒకరికి బీఎమ్‌డబ్ల్యూ కారు. దీన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు 2011లో ఒక విషయం బయటపెట్టారు: లాటరీ గెలిచినవాళ్ళ పక్కింటివాళ్ళు, తమకేమీ రాకపోయినా, తర్వాతి నెలల్లో మామూలు కంటే ఎక్కువగా కార్లు కొన్నారట. చదివి నవ్వుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, గృహప్రవేశం నుంచి వచ్చిన వారానికే మా హాలుకి కొత్త సోఫా వచ్చింది. వాయిదాల మీద.

గుబులు తీరక నేనొక పిచ్చిపని చేశాను. అభిప్రాయ సేకరణల్లో వాడే పద్ధతే అది. కాగితం మీద పది మెట్ల నిచ్చెన గీస్తారు. దేశంలో బాగా కలిగినవాళ్ళు పదో మెట్టు మీద, ఏమీ లేనివాళ్ళు మొదటి మెట్టు మీద ఉన్నారనుకుంటే నువ్వెక్కడున్నావు అని అడుగుతారు. చాలా దేశాల్లో జనం మధ్య మెట్ల మీదే గుమిగూడతారు. మనవాళ్ళు ఏమంటారో చూద్దామని తెలిసినవాళ్ళని పట్టుకున్నాను.

మా అన్నయ్య కొడుకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఏడాదికి 32 లక్షలు, కోడలికి 24. "ఫోర్ బాబాయ్, మహా అయితే ఫైవ్" అన్నాడు. ఎందుకురా అంటే ఈఎంఐ చెప్పాడు, పాప స్కూలు ఫీజు చెప్పాడు, ఆఖరికి అసలు సంగతి చెప్పాడు: వాళ్ళ మేనేజరుకి కంపెనీ షేర్లు వచ్చాయి, తెల్లాపూర్‌లో ఇల్లు రొక్కం పెట్టి కొన్నాడు. మందుల షాపాయన చాలాసేపు ఆలోచించి "ఐదున్నర" అన్నాడు, చిల్లర ఇచ్చినట్టు. మా తోడల్లుడు ఫోన్లో, "మనదంతా మధ్యతరగతే కదా తమ్ముడూ, ఆరు వేసుకో" అన్నాడు. వాళ్ళ ప్రహరీ లోపలే ఒక డాక్టరుగారికి రెండు విల్లాలున్నాయట, ఒకటి వచ్చే పోయే చుట్టాలకట. నన్ను నేను అడిగితే నేనూ ఆరే అన్నాను.

మా వాచ్‌మన్‌ది వనపర్తి వైపు. నిచ్చెన బొమ్మ చేతిలోకి తీసుకుని శ్రద్ధగా చూశాడు. "ఐదేసుకోండ్రి సారు. మా తమ్ముడు ఊళ్ళెనే ఉన్నడు, కూలికి పోతడు, ఆయనకు రెండు. నాకు ఈడ రూమున్నది, కరెంటున్నది, ఊళ్ళె ఇంటికి స్లాబు పడ్డది."

ముందు సీట్లూ ఖాళీ, వెనక సీట్లూ ఖాళీ, అందరూ నడిమధ్యన ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డ బస్సులా ఉంది నా కాగితం.

ఇప్పుడు లెక్కలు. 2024 మార్చిలో నితిన్ కుమార్ భారతి, లూకా చాన్సెల్, థామస్ పికెటీ, అన్మోల్ సోమంచి అనే ఆర్థికవేత్తలు కలిసి భారతదేశంలో వందేళ్ళ ఆదాయ, సంపదల పంపకం మీద ఒక పరిశోధన పత్రం వెలువరించారు. 2022-23లో దేశంలోని వయోజనులందరినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఏడాది ఆదాయం సుమారు 1 లక్షా 5 వేలు. నెలకి 9 వేలు కూడా కాదు. పై పది శాతంలో చేరడానికి కావలసింది సుమారు 2 లక్షల 90 వేలు. పై ఒక్క శాతంలో చేరడానికి 20 లక్షల 70 వేలు. ఆ ఒక్క శాతం చేతిలో దేశం మొత్తం ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉన్నాయని వాళ్ళ లెక్క. ఇవి అంచనాలే, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, ఆ గొడవకి మళ్ళీ వస్తాను.

నా కాగితాన్ని ఈ లెక్క పక్కన పెట్టాను. నాలుగో మెట్టు మీద దిగులుగా కూర్చున్న మా అబ్బాయి, కోడలు ఇద్దరూ విడివిడిగా కూడా దేశంలో పై ఒక్క శాతం. నా జీతం ఏడాదికి 18 లక్షలు, సంపాదించేది నేనొక్కడినే కాబట్టి ఇద్దరికీ సగం సగం పంచినా మేము హాయిగా పదో మెట్టు మీద ఉన్నాం. వాచ్‌మన్‌కి 14 వేలు, వాళ్ళావిడ రెండు ఫ్లాట్లలో పనిచేస్తే 6 వేలు. నెలకి 20 వేలు, మనిషికి ఏడాదికి 1 లక్షా 20 వేలు. అంటే సరిగ్గా మధ్య మనిషి కంటే కాస్త పైన. హైదరాబాదు ఖర్చులు వేరే, ఊరి ఖర్చులు వేరే అని ఎంత సర్దిచెప్పుకున్నా, మా అపార్టుమెంటు మొత్తం మీద తన మెట్టుని ఇంచుమించు సరిగ్గా చెప్పింది సెల్లారులో ఉండే మనిషి. ఎంబీఏలు, సీఏలు, బ్యాంకు ఆఫీసర్లం తప్పాం.

చదువుకున్నవాళ్ళం ఎందుకు తప్పాం? మొదట దీన్ని మా స్వార్థం కింద రాసుకుని ఊరుకుందామనుకున్నాను. కానీ అంకెల్ని ఇంకాస్త తిరగేస్తే వేరే కారణం కనిపించింది. నిచ్చెన బొమ్మలోనే మోసం ఉంది. బొమ్మలో మెట్లన్నీ సమాన దూరంలో ఉంటాయి. అసలు దేశంలో అలా లేవు. మధ్య మనిషికీ, తొంభై శాతం జనాన్ని దాటిన మనిషికీ మధ్య తేడా ఏడాదికి 1 లక్షా 85 వేలు. అక్కడి నుంచి పై ఒక్క శాతం గుమ్మం దాకా ఎక్కాలంటే దాదాపు 18 లక్షలు. ఆ గుమ్మం లోపలికి వెళ్ళాక సగటు 53 లక్షలు. ఇంకా పైకి పోతే, ఆ పత్రం ప్రకారమే, కొసన ఉన్న సుమారు పదివేల మంది సగటు ఆదాయం ఏడాదికి 48 కోట్లు. కింద అంతా చదునైన పొలం, చివర్లో నిటారుగా కొండ.

పొలంలో నిలబడ్డవాడికి చుట్టూ తనలాంటివాళ్ళే కనిపిస్తారు. తమ్ముడికంటే కాస్త మెరుగు, మేస్త్రీకంటే కాస్త తక్కువ. వాడు "మధ్యలో ఉన్నా" అంటే నిజమే చెబుతున్నాడు. కొండ మీద సగం ఎక్కినవాడికి కింద పొలం కనపడదు, తలెత్తితే మాత్రం ఇంకా ఎంత ఎత్తుందో కనపడుతుంది. ఎక్కేకొద్దీ పైనున్నవాళ్ళతోనే మెలగాలి. పక్క విల్లాలో వాళ్ళే ఉంటారు, స్కూల్లో పేరెంట్స్ మీటింగులో వాళ్ళే ఉంటారు. మా అబ్బాయి అబద్ధం చెప్పలేదు. వాడికి కనపడే పదిమందిలో వాడు నిజంగానే కింది నుంచి నాలుగోవాడు. అంతరం పెరిగేకొద్దీ, పైనున్నవాడికి తాను పేదవాడినన్న భావం కూడా పెరుగుతుంది. దొంగనే కాపలా పెట్టినట్టు, అసమానతని దాచిపెట్టే పని అసమానతే చేస్తోంది.

దీనికి తోడు, ఎవరి ఆదాయం ఎంతో ఎవరికీ తెలియదు. ఇరవయ్యారేళ్ళ నా బ్యాంకు సర్వీసులో సగం అప్పుల బల్ల దగ్గరే గడిచింది కాబట్టి ఈ మాట కాస్త అధికారంతోనే చెప్పగలను. తెలుగువాడికి ఆదాయాలు మూడు. తాసీల్దారు ఇచ్చే ధ్రువపత్రంలో ఏడాదికి లక్షన్నర. హౌసింగ్ లోనుకి వచ్చినప్పుడు ఆరు లక్షలు, రిటర్నులతో సహా. పిల్లవాడి పెళ్ళి సంబంధాల దగ్గర పద్దెనిమిది లక్షలు, "ఇది కాక అద్దెలు వస్తాయండీ". ముగ్గురూ ఒకే మనిషి. తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. తెల్లకార్డు ఉంటేనే ఆరోగ్యశ్రీ అని 2007 నుంచి జనానికి నేర్పింది ప్రభుత్వమే. కార్డంటే బియ్యం కాదు, గుండె ఆపరేషను. దాన్ని ఎవరు వదులుకుంటారు?

సర్కారువారికీ ఈ సంగతి అనుభవమే. 1950ల్లో, 60ల్లో జాతీయ నమూనా సర్వేలో జనాన్ని నేరుగా ఆదాయం అడిగి చూశారు. వాళ్ళు చెప్పిన ఆదాయం, వాళ్ళే చెప్పిన ఖర్చూ పొదుపూ కలిపిన దానికంటే తక్కువ తేలింది. ఆ పని వదిలేసి ఖర్చులు అడగడంతోనే సరిపెట్టుకున్నారు. మళ్ళీ ఇన్నాళ్ళకి 2026లో ఆదాయ సర్వే చేస్తామని 2025లో ప్రకటించారు. ముందుగా నమూనాకి అడిగి చూస్తే, నూటికి 95 మంది ఇవి చెప్పుకోదగ్గ విషయాలు కావన్నారట. జీతం అడిగితే మొహం చిట్లించేవాడు "గజం ఎంత పెట్టి కొన్నారు" అని మాత్రం తడుముకోకుండా అడుగుతాడు మనవాడు. అక్కడే అసలు ఆదాయం దాక్కుందని వాడికి తెలుసు.

అంకె బయటపడిన చోట మాత్రం మామూలు జనం చూపు కత్తిలా ఉంటుంది. 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు నేను పాలమూరు వైపు ఒక పల్లెటూరి బ్రాంచిలో ఉన్నాను. మొదటి విడత సొమ్ము ఖాతాలో వెయ్యలేదు, చెక్కులిచ్చారు. ఎకరాకి 4 వేలు. ఊరూరా సభ పెట్టి, పేరు పిలిచి చేతికిచ్చారు. ఆ నెలంతా మా కౌంటరు ముందు జాతరే. క్యూలో నిలబడ్డవాళ్ళు ఒకరి చెక్కు ఒకరు తొంగి చూసుకునేవాళ్ళు. ఎవరికెన్ని ఎకరాలో ఊళ్ళో తెలియనిది కాదు, కానీ దాన్ని రూపాయల్లో అచ్చువేసి చేతిలో పెట్టడం అదే మొదలు. ఒకతను వాళ్ళ ఆసామి తల్లిని, ఎనభయ్యేళ్ళ ఆవిణ్ణి, చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. ఆవిడ పేరున పది ఎకరాలు. కౌలుకి చేసేది ఇతను. వేలిముద్ర వేయించి డబ్బు ఆవిడ సంచిలో పెట్టాక, నా వైపు తిరిగి నవ్వుతూనే అన్నాడు: "దున్నేది నేను సారు, ఎకరం గామెది. చెక్కు ఎకరాన్ని జూసి వస్తది, ఎద్దును జూసి రాదు." కౌలు రైతుకి ఎందుకివ్వరు, భూమికి పరిమితి ఎందుకు పెట్టరు అని ఆ తర్వాత ఏళ్ళ తరబడి పత్రికల్లో సాగిన చర్చంతా ఆ ఒక్క మాటలో ఉంది. మరుసటి ఏడాది నుంచి ఎకరాకి సాలుకి 10 వేలు చేశారు. యాభై ఎకరాల ఆసామికి 5 లక్షలు, రెండెకరాల రైతుకి 20 వేలు, కౌలుకి చేసేవాడికి సున్నా. అప్పటికి చెక్కులు పోయి సొమ్ము నేరుగా ఖాతాల్లో పడుతోంది. తొంగి చూసుకునే క్యూ లేదు. గొణుగుడు కూడా తగ్గింది.

మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పాలి. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులు ఉచితం చేసినప్పుడు గ్రూపు అట్టుడికిపోయింది. "మన ట్యాక్సులతో వాళ్ళకి షికార్లా" అని. నేనూ ఒక బొటనవేలు బొమ్మ పెట్టాను, దాచుకోవడమెందుకు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గాజులరామారం నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఆమెకి నెలకి వెయ్యి రూపాయల దాకా మిగులుతోంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేదన్నప్పుడు అదే గ్రూపులో పండగ. "ఇన్నాళ్ళకి మధ్యతరగతి గుర్తొచ్చింది" అన్నారు. శ్లాబులు మారడం వల్ల ఏడాదికి 24 లక్షలూ ఆపైన సంపాదించేవాళ్ళకి కూడా 1 లక్షా 10 వేల దాకా కలిసొచ్చింది. మా అబ్బాయి, కోడలు ఇద్దరిదీ కలిపితే 2 లక్షల పైచిలుకు. ఒకళ్ళకి ఏడాదికి 12 వేలు మిగిలితే ఉచితం, ఇంకొకళ్ళకి 2 లక్షలు మిగిలితే ఊరట. ఆ అమ్మాయి కొనే సబ్బు మీదా, సెల్లు రీచార్జి మీదా జీఎస్టీ పడుతూనే ఉంది, అది ట్యాక్సని మాకెవరికీ తట్టలేదు.

ప్రభుత్వం గీసే గీతలు కూడా ఈ గందరగోళాన్ని పెంచాయి. తెలంగాణలో రేషన్ కార్డుకి పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఆర్థికంగా వెనుకబడినవారి కోటాకి 8 లక్షలు. రెండింటి ఉద్దేశాలు వేరని వాదించొచ్చు. కానీ నెలకి 20 వేలు తెచ్చుకునే కుటుంబం ఒక కాగితం మీద పేద కాదు, 60 వేలు తెచ్చుకునే కుటుంబం ఇంకో కాగితం మీద పేద. ఇక నిచ్చెన మీద ఎవరెక్కడున్నారో జనాన్ని అడిగి ఏం లాభం?

మా నాన్నమ్మకి ఈ అంకెలేవీ అక్కర్లేదు. ఆవిడ దగ్గర ఒక్క మాట ఉండేది: పెట్టిపుట్టాలి. ఊళ్ళో మోతుబరి మేడ కట్టినా, పాలేరు కొడుకు జ్వరంతో పోయినా అదే మాట. పోయిన జన్మలో పెట్టినవాడికి ఈ జన్మలో ఉంటుంది. చిన్నప్పుడు ఆ మాటంటే నాకు ఒళ్ళుమంట. అన్యాయాన్ని దేవుడి ఖాతాలో వెయ్యడమే కదా అది. మా తరానికి వచ్చేసరికి మాట మారింది. "కష్టపడ్డాడు, పైకొచ్చాడు." ఎంసెట్ ర్యాంకులు, అమెరికా వీసాలు, అమీర్‌పేట కోచింగులు, అన్నీ ఈ మాట చుట్టూ తిరిగాయి. వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. కానీ దీని వెనక ఇంకో మాట నక్కి ఉంది: పైకి రానివాడు కష్టపడలేదు. మా నాన్నమ్మ సిద్ధాంతంలో పేదవాడు దురదృష్టవంతుడు మాత్రమే. మా సిద్ధాంతంలో సోమరి. ఎండలో తట్ట మోసేవాడిని చూసి, ఏసీలో కూర్చున్న నేను, "కష్టపడితే రాదా" అనగలిగే ధైర్యం ఈ కొత్త మాట ఇచ్చిందే.

నిజాయితీ అయిన మాట మూడోది ఉంది. అది ఎక్కువగా స్థలాలు కొని అమ్మేవాళ్ళ నోట వినిపిస్తుంది: కలిసొచ్చింది. మా తోడల్లుడు అదే అంటాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఎరువుల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. 2006లో ఆయనకి శంకరపల్లి వైపు ఏరియా ఇచ్చారు, నాకు బ్యాంకు ఒడిశా సరిహద్దులో పోస్టింగిచ్చింది. ఆయన అక్కడ రెండెకరాలు కొన్నాడు. అమ్మినాయన కూతురి పెళ్ళికి అమ్మాడట. ఆ డబ్బుతో నేను అక్కడ కొనగలిగింది జీడిమామిడి తోట, అదీ కొనలేదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికిందని పేపర్లో వచ్చినప్పుడు మోకిల దాకా ధరలు ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నాయి. ఆయన నాకంటే తెలివైనవాడా? కావచ్చు. కష్టపడ్డాడా? పడ్డాడు, మోటారుసైకిలు మీద ఎండల్లో తిరిగాడు. కానీ ఆ విల్లా కట్టింది ఆ రెండూ కాదు, ఒక ఏరియా కేటాయింపు కాగితం.

మా అమ్మ పుట్టిల్లు తుళ్ళూరు పక్కన. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు 29 గ్రామాల్లో 33 వేల ఎకరాల పైన ఇచ్చారు రైతులు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళ పాటు కౌలు. భూమిలేని కూలి కుటుంబానికి నెలకి 2,500 రూపాయల పింఛను. రాత్రికి రాత్రి మా మేనమామ గజాల్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన పొలంలో మిరపకాయలు కోసిన కుటుంబం కూడా అదే ఊళ్ళో, అదే గాలి పీలుస్తూ, అదే మట్టిలో అంతకు రెట్టింపు చెమటోడ్చి ఉంటుంది. వాళ్ళకి కలిసొచ్చింది 2,500. తర్వాత రాజధాని వ్యవహారం ఎన్ని మలుపులు తిరిగిందో, రైతులు ఎన్ని అవస్థలు పడ్డారో అందరికీ తెలుసు. ఆ గొడవలన్నిట్లో రైతు గొంతు వినిపించింది, ఆ కూలి గొంతు టీవీలో ఎంతసేపు వినిపించిందో గుర్తు చేసుకోండి.

మరి ఇంత తేడా ఉంటే జనం ఎందుకు ఊరుకుంటున్నారు అని మా అబ్బాయి అడిగాడు. 1973లో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త దీనికొక పోలిక చెప్పాడు. సొరంగంలో రెండు వరసల ట్రాఫిక్ ఆగిపోయింది. కాసేపటికి పక్క వరస కదిలింది. నీది కదల్లేదు. అయినా నీకు సంతోషమే, ఇక మనదీ కదులుతుందని. చాలాసేపటికీ కదలకపోతే అప్పుడు మొదలవుతుంది మంట, వరస దాటి దూరేద్దామన్న కసి. గచ్చిబౌలిలో సాయంత్రం ఆరున్నరకి ఇరుక్కున్నవాడికి ఇది పుస్తకం తెరవకుండానే అర్థమవుతుంది. తెలుగు జిల్లాల్లో పాతికేళ్ళుగా పక్క వరస కదులుతూనే ఉంది. ప్రతి వీధిలో ఒక ఇల్లు డల్లాస్‌కో బేఏరియాకో కదిలింది. "వాళ్ళబ్బాయి వెళ్ళాడు, మనవాడూ వెళ్తాడు" అన్న ఆశతో పొలాలు తాకట్టు పెట్టి ఫీజులు కట్టినవాళ్ళ దరఖాస్తులు నా బల్ల మీద కట్టలుగా ఉండేవి. ఆ ఆశ ఉన్నంతకాలం పక్కవాడి మేడ చూస్తే కడుపు మండదు, కొలతలు తీసుకోబుద్ధేస్తుంది. ఇటీవల దరఖాస్తులతో పాటు బాకీల ఫైళ్ళు కూడా కట్టలుగా పెరుగుతున్నాయి. వాటిని చూస్తుంటే సొరంగంలో హారన్లు మొదలైనట్టే అనిపిస్తుంది నాకు.

మన దేశంలో అసమానతే తక్కువ అనేవాళ్ళూ ఉన్నారు. 2025లో ప్రపంచ బ్యాంకు అంకె ఒకటి, అసమానతని కొలిచే జినీ సూచిక 25.5 (ఎంత తక్కువైతే అంత సమానం), చూపించి మనం ప్రపంచంలోనే నాలుగో సమానత్వ దేశమని ఘనంగా ప్రకటించారు. ఆ అంకె ఖర్చులది, ఆదాయాలది కాదు. ఖర్చులు దగ్గరవుతున్నాయన్నది నిజమే, దాన్ని నేను కొట్టిపారెయ్యను. మా చిన్నప్పుడు అన్నం మెతుకు చూసి మనిషి అంతస్తు చెప్పేవాళ్ళు. సన్నబియ్యం తినేవాడు వేరు, దొడ్డుబియ్యం తినేవాడు వేరు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో కార్డు మీద సన్నబియ్యమే ఇస్తున్నారు. మా వాచ్‌మన్ పళ్ళెంలో మెతుకూ నా పళ్ళెంలో మెతుకూ ఇప్పుడు ఒకటే. అతని కొడుకూ జీన్సు వేస్తాడు, ఫోను కూడా మా అబ్బాయి ఫోనంత వెడల్పే. ఈ మార్పు చిన్నది కాదు, ఆకలి చూసినవాళ్ళకి తెలుస్తుంది. అయితే మనిషి ఎంత డబ్బున్నా సోలెడు బియ్యమే తింటాడు. మిగిలింది మోకిలకి వెళ్తుంది. తిండి, బట్ట కొలిచే సర్వేకి మోకిల కనపడదు.

చివరికి ఒక ఆదివారం వాచ్‌మన్‌కి లెక్క వివరంగా చెప్పాను. నువ్వు ఐదన్నావు, అసలు ఆరో మెట్టు మీద ఉంటావు, దేశంలో సగం మందికి పైగా నీకంటే కిందే ఉన్నారయ్యా అన్నాను. మంచివార్త చెబుతున్నాననుకున్నాను. అతను నవ్వలేదు. నిచ్చెన కాగితం వంక చూసి, తర్వాత సెల్లారు మెట్ల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"సారు, గా ముచ్చట ఇంకెవ్వరికి చెప్పకండ్రి. మా పోరనికి ఇంటరు అయిపోయింది, గీ యేడు ఇంజినీరింగుల జేరుస్తున్న. ఇన్కం సర్టిఫికెట్ల లక్షా ఇరవై రాయిచ్చినం. ఆరో మెట్టని తెలిస్తె ఫీజు రాదు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.